దాచిన చార్జీకి నా దండం

హోటలు బిల్లులో దాచిపెట్టిన చార్జీ కంటే మనిషికి మేలు చేసేది ఈ కాలంలో మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి! ఈ మాట అంటున్నది ఏమీ తెలియనివాడు కాదు. ఆలూరులో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులును. మా బడిలో వినియోగదారుల క్లబ్బు బాధ్యత నాదే. ఏటా డిసెంబరులో వినియోగదారుల దినోత్సవం నాడు మైకు పట్టుకుని "ప్రశ్నించండి! బిల్లు అడగండి! మోసపోకండి!" అని గర్జించేది నేనే. గర్జన బాగుందని ఒకసారి శాలువా కూడా కప్పారు. శాలువా చలికాలంలో పనికొస్తోంది. గర్జన మాత్రం ఇంతవరకు ఎక్కడా పనికి రాలేదు.

అసలు ముందు ఒక ధర చెప్పి, తర్వాత ఇంకొకటి వసూలు చేయడాన్ని మోసం అనేవాళ్లు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. మా కర్నూలు పడమటి పల్లెల్లో దాన్ని సంప్రదాయం అంటాం. మా వీధిలో చిన్న ఈరన్న ఉల్లిగడ్డ బస్తాలు కర్నూలు మార్కెట్టుకు తోలుకుపోతాడు. అక్కడ పలికే ధర ఒకటి, ఇంటికి తెచ్చేది ఒకటి. మధ్యలో తరుగు, హమాలీ, కమీషను, ఇంకా పేరు పెట్టనివి కొన్ని. ఇవెందుకని ఎప్పుడైనా అడిగావా అన్నాను.

"అడిగితే అడిగినందుకు ఇంగొకటి ఏస్తారు సారూ" అన్నాడు.

అదీ అనుభవమంటే! అలాంటి నేల మీద పుట్టినవాణ్ణి పట్టుకుని రిసార్టు బిల్లు చూపించి భయపెడతారా?

ఇంతకూ నాకు రిసార్టుతో పనేమిటంటారా? చెబుతాను. మొన్న మా ఇంటావిడ స్వర్ణలత సంవత్సరీకం జరిగింది. అది ముగిసినాక మా అత్తగారు గురమ్మ ఒక కోరిక కోరింది. గండికోట చూడాలట. స్వర్ణలత ఏళ్ల తరబడి తల్లికి చెబుతూ వచ్చిన మాట అది. "ఎండలు తగ్గినాక పోదాంలేమ్మా" అనేది. మా సీమలో ఎండలు ఎప్పుడు తగ్గుతాయో మీకు తెలుసు గదా! ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

నేను తీసుకుపోతాను అన్నాను. అత్తగారు, కర్నూలులో ఎరువుల దుకాణం నడిపే మా బావమరిది ఓబుళేశు, నేను. ఎవరూ కంటతడి పెట్టకుండా ఆమెకు కోట చూపించి, క్షేమంగా వెనక్కి తీసుకురావడం నా లక్ష్యం. అందుకోసం లోలోపల ఒక నియమం పెట్టుకున్నాను. జరిగినదాన్ని గురించి ఈ ప్రయాణంలో నేను నోరెత్తకూడదు. ఇంకెవరైనా ఎత్తితే మాట మార్చాలి. మాట మార్చడంలో పంతుళ్లను మించినవాళ్లు ఉన్నారా? ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారిని అడిగి చూడండి.

గదులు ఫోనులో, యాప్ ద్వారా తీసుకున్నాను. ధర చూస్తే ఆ హోటలువాడి త్యాగబుద్ధికి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. అంత తక్కువ! అత్తగారికి, ఓబుళేశుకు ఒక గది. నాకొక గది. నా గది దగ్గరికి వచ్చేసరికి యాప్ తనంతట తానే అతిథుల పేర్లు నింపింది. ఉమామహేశ్, స్వర్ణలత.

అంతకుముందు ఆ యాప్‌లో గది తీసుకున్నది హైదరాబాదులో, ఆసుపత్రి వెనక వీధిలో. యాప్‌కు జ్ఞాపకశక్తి జాస్తి. పేరు పక్కన చిన్న ఇంటూ గుర్తు కూడా పెట్టింది, తీసెయ్యదలిస్తే నొక్కమని. నేను నొక్కలేదు. గది అద్దె ఒకరికైనా ఇద్దరికైనా ఒకటేనని స్పష్టంగా రాసి ఉంది. ఖర్చు లేనప్పుడు పేరు ఉంటే ఉండనీ, ఎవరికి బరువు, అనుకున్నాను.

ఖర్చు లేదనుకోవడం నా అమాయకత్వం!

జమ్మలమడుగు దాటి కోటకు పోయే దారిలో ఉంది ఆ హోటలు. పేరు చెప్పను. పేరు ఏదైతేనేం, లోపల అన్నీ ఒక్కటే. ఓబుళేశు కారు నిలపడానికి చెట్టు నీడ వెతుకుతున్నాడు, అత్తగారు కారులోనే ఉంది. నేనొక్కణ్ణే కౌంటరు దగ్గరికి పోయాను. కోటు మీద పరమేష్ అని పేరు తగిలించుకున్న పెద్దమనిషి కంప్యూటరు చూసి నవ్వాడు.

"మీది కపుల్ రూము కింద వచ్చాది సార్. జంట ప్యాకేజీ కంపల్సరీ. రేపు పోయేటప్పుడు బిల్లులో కలుస్తాది."

నేను గొంతు సవరించుకున్నాను. శాలువా కప్పించుకున్న గొంతు! చట్టమంతా నాలుక చివర ఉంది. ముందు తక్కువ ధర చూపించి చివర్లో చుక్కచుక్కగా కలపడం తప్పని 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనం అడగనిదాన్ని మన నెత్తిన పెట్టడమూ తప్పే. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ఇవన్నీ వరుసగా వదలడానికి ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఆయన ఎంతో మర్యాదగా ఒక మాట అడిగాడు.

"మేడం గారు వెనకాల వచ్చాండారా సార్?"

చూశారా! చట్టంలో దీనికి సెక్షను ఏదీ?

"ఆఁ, వస్తాది" అన్నాను.

అంతే. చార్జీ ఖాయమైపోయింది. పెద్దమనిషి తాళం చేతికిచ్చాడు. వినియోగదారుల క్లబ్బు బాధ్యుడు తలవంచుకుని మెట్లెక్కాడు.

ఇప్పుడు ఆ చార్జీ వల్ల కలిగిన లాభాలు వినండి. గదిలో మంచం మీద గులాబీ రేకులు చల్లారు. రెండు తువ్వాళ్లను మెలితిప్పి రెండు హంసలు చేసి, ముక్కూ ముక్కూ ఆనించి కూర్చోబెట్టారు. మా జీవితంలో ఎవరూ మాకు ఇంత చేయలేదు! మా పెళ్లినాటి రాత్రి కరెంటు పోతే మా మామ లాంతరు ఒకటి పంపించాడు, అంతే. ఇన్నేళ్లకు, ఒక రిసార్టు యజమాని మమ్మల్ని గుర్తు పెట్టుకున్నాడు. దీనికి చార్జీ వేస్తే తప్పేముంది?

నేను ఆ హంసలను కదపలేదు. స్నానం చేసి నా తుండుతోనే తుడుచుకున్నాను. మంచం అంచున ఒక పక్కగా పడుకున్నాను. రేకులు నలిగితే దానికి వేరే చార్జీ ఉంటుందేమోనని జాగ్రత్త. ఇంకేమీ కాదు.

కిటికీ తెరిచాను. లోయ కనిపించే గది అని యాప్‌లో బొమ్మ ఉంది. కనిపించింది, కార్లు నిలిపే చోటు. పెన్నా లోయ అక్కడికి దూరం. అయినా, కనిపించే లోయను ఎవడైనా చూస్తాడు. కనిపించని లోయను మనసులో చూసుకునే అవకాశం కల్పించడం ఎంత గొప్ప సేవ!

వెనకాల ఈతకొలను ఉంది. నీలం రంగు బండలు, చుట్టూ కుర్చీలు, ఒక పక్క ‘లోతు ఎక్కువ, జాగ్రత్త’ అని బోర్డు. నీళ్లు మాత్రం లేవు. బోరు ఎండిపోయిందట. రాయలసీమలో నీళ్లు లేనిదానికి డబ్బు కట్టడం మనకేమైనా కొత్తా? ఎండిన బోర్ల కింద మునిగిన రైతులు ఎంతమంది లేరు! పొడి కొలనులో మునిగే భాగ్యం పట్నంవాళ్లకు కూడా దొరికింది, సంతోషం.

సాయంత్రం కోట చూశాం. అత్తగారు లోయ అంచున రాతి మీద కూర్చుని, కిందికి తొంగి చూసింది. మాట మార్చడానికి కోట కట్టిన రాజుల వంశవృక్షం సిద్ధం చేసుకున్నాను.

"ఇంత లోతు తవ్విపెట్టినాడు దేముడు" అంది. "నీళ్లు సూడు, ఇంతే పోసినాడు. పిసినారి."

ఓబుళేశు పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నా లక్ష్యం దాదాపు నెరవేరినట్టే. మిగిలింది బిల్లొక్కటే.

మా ప్రాంతం ఆచారం ఒకటి ఇక్కడ మనవి చేసుకోవాలి. మా వైపు బిల్లు చదవడం మర్యాద కాదు. లాక్కోవడం మర్యాద. బల్ల మీదికి బిల్లు వచ్చిందంటే బంధువులు ఇద్దరు లేస్తారు. చేతులు మెలిపెట్టుకుంటారు. జేబులు చినుగుతాయి. "నువ్విస్తే నా మీద ఒట్టే" అంటారు. చివరికి ఎవరి చేతికి చిక్కితే వాళ్లు అందులో ఏముందో చూడకుండా కట్టాలి. చూసి కట్టారో, "లెక్క సూసుకున్యాడప్పా!" అని ఆ మాట మనవళ్ల కాలం దాకా నిలిచి ఉంటుంది. ఇలాంటి జనం దొరికాక హోటలువాడు చార్జీని దాచడం ఎందుకు, శ్రమ కాకపోతే? తన ఇంటి కరెంటు బిల్లు కూడా అడుగున అతికిస్తే అదీ కట్టి, పళ్లెంలోని సోంపు నోట్లో వేసుకుని పోతాం!

మరునాడు పొద్దున కౌంటరు దగ్గర సరిగ్గా అదే జరిగింది.

పరమేష్ రెండు గదులకూ కలిపి ఒకే బిల్లు తీసి పెట్టాడు. ఓబుళేశు చెయ్యి ముందు పడింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నిజానికి నా తొందర మర్యాద కోసం కాదు. అందులో ఏ పేరు అచ్చయి ఉందో నాకు తెలుసు. అది అతని కంట పడకూడదు.

"ఇడు బావా! ఇన్నేండ్లు నువ్వే ఇస్తాంటివి."

"పిలిచింది నేనురా. నువ్వు జరుగు."

"జరగను. యా పొద్దన్నా మా చెయ్యి ఆడనిచ్చినావా నువ్వు?"

"కారు తీసుకొచ్చినావు గదా, చాలు. ఇయ్యి ఇట్ల."

"ఇయ్యను."

మా వెనక వరుసలో బెంగళూరు నుంచి వచ్చిన దంపతులు నిలబడి ఉన్నారు. వాళ్లు మేం నిజంగానే కొట్టుకుంటున్నామనుకుని ఒక అడుగు వెనక్కి వేశారు. అంతలో మా ఇద్దరి చేతుల్లోంచీ జారి బిల్లు నేల మీద పడింది. సోఫాలో కూర్చున్న అత్తగారు వంగి దాన్ని తీసుకుంది. ఆమెకు చదువు రాదు. నేరుగా పరమేష్ చేతిలో పెట్టింది.

"ఏమప్పా, దీన్ని గట్టిగా సదువు. పెండ్లిలో సదివింపులు సదవరా, అట్ల. ఎవరి రూముకు ఎంతో తెలిసిపోతాది. ఎవరిది వాళ్లు ఇస్తారు. ఈళ్ల కొట్లాట నిలిచిపోతాది."

"నేను చదువుతాలే అత్తా" అన్నాను.

"నువ్వు వద్దులే నాయనా. నువ్వు అన్నీ నీ రూము కిందనే సదువుతావు."

పరమేష్ చదవడం మొదలుపెట్టాడు. గది అద్దె. పన్ను. సౌకర్యాల చార్జీ. స్విమ్మింగ్ పూల్ చార్జీ.

"దాంట్లో నీళ్లు లేవు గదప్పా?"

"మెయింటెనెన్స్ అమ్మా."

"ఏం మెయింటేను? బండలకు స్నానం చేపిస్తాండారా?"

బెంగళూరు ఆవిడకు తెలుగు వచ్చినట్టుంది, ఫక్కున నవ్వింది. పరమేష్ కూడా నవ్వాపుకుని కిందికి పోయాడు. లోయ కనిపించే చార్జీ.

"మాకు కార్లు గదా కనపడినాయి? కార్లకు యాడన్నా చార్జీ ఉండాదా?"

అందరూ నవ్వుతున్నారు. ఓబుళేశు అయితే కౌంటరు మీద చేత్తో కొడుతున్నాడు. నేను పరమేష్ కళ్లలోకి చూసి, ఇక చాలు అన్నట్టు తల ఊపాను. ఆయనకు అర్థం కాలేదు. చదివింపుల ఊపులో ఉన్నాడు.

"జంట ప్యాకేజీ, ఇద్దరికీ టిఫినుతో సహా. అతిథులు ఉమామహేశ్, స్వర్ణలత."

నవ్వు ఆగిపోయింది.

అత్తగారు కొంగు సర్దుకుంది. ఓబుళేశు ఎరుపెక్కిన మొహంతో జేబులోంచి పర్సు తీసి, "ఎంతయితే అంత కొట్టు బ్రదర్. పా బావా, ఎండెక్కుతాంది" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ వ్యాపారం ఎంత లోతైనదో. ఎంతయినా ఇచ్చి అక్కడినుంచి బయటపడాలనిపించే చోట పెట్టారు ఆ చార్జీని. పోటీ పడి కట్టడానికి ఇద్దరం సిద్ధంగా ఉన్నాం.

"ఇయ్యొద్దు" అంది అత్తగారు.

ఓబుళేశు ఆగాడు.

"తినని దానికి ఎందుకు ఇయ్యాల? అది ఉండింటే మిమ్మల్ని ఇయ్యనిచ్చునా?"

ఇయ్యనిచ్చేది కాదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను కౌంటరు వైపు తిరిగాను. గర్జన రాలేదు.

"ఈ ప్యాకేజీ మేం అడగలేదు. యాప్‌లో ధర చూపించినప్పుడు ఇది లేదు. చట్టం ప్రకారం తీసెయ్యాల" అన్నాను.

"నాకు తెలుసు సార్. కానీ ఇద్దరు గెస్టులని మీరే చెప్పినారు గదా నిన్న? సిస్టంలో ఒకరిని తీసెయ్యాలంటే కారణం అడుగుతాది." పరమేష్ కంప్యూటరును కాస్త నా వైపు తిప్పాడు. "ప్రయాణం ఆలస్యమా సార్? ప్లాన్ మారిందా? ఒంట్లో బాగలేదా? ఏదో ఒకటి నొక్కితేగానీ ముందుకు పోదు."

తెర మీద కారణాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఎంత వెతికినా మాది కనబడలేదు. వెనక బెంగళూరువాళ్లు, పక్కన ఓబుళేశు, సోఫాలో అత్తగారు. అందరూ నా వీపు వైపే చూస్తున్నారని చూడకుండానే తెలుస్తోంది.

"ఆమె చనిపోయింది" అన్నాను.

పరమేష్ లేచి నిలబడ్డాడు. "సారీ సార్" అన్నాడు. తర్వాత కూర్చుని, ‘ఇతర కారణాలు’ అన్నచోట నొక్కాడు. జంట ప్యాకేజీ పోయింది. అంతటితో ఆగలేదు. కొలను చార్జీ తీసేశాడు. లోయ చార్జీ తీసేశాడు. సౌకర్యాల చార్జీ కూడా తీసేశాడు. నేను అడగకుండానే! ఏ మార్గదర్శకం పేరూ ఎత్తకుండానే! చట్టం చెప్పి తీయించవలసినవాటిని చావు చెప్పి తీయించుకున్నాను.

మిగిలిన అద్దె నేనే కట్టాను. అత్తగారు కారు ఎక్కి, కిటికీ అద్దం దించమని, దారిలో జమ్మలమడుగులో టిఫిను చేద్దామంది. ఎవరూ ఏడవలేదు. ఓబుళేశు బిల్లు గొడవ మరిచిపోయి, టిఫినుకు మాత్రం తానే ఇస్తానని ముందుగానే నా మీద ఒట్టు పెట్టాడు.

అంతకుముందు మేం బయటికి వస్తుంటే ఆ బెంగళూరు దంపతులు తమ బిల్లు కడుతూ కనిపించారు. కొలనుకూ కట్టారు, లోయకూ కట్టారు. పాపం, కౌంటరు దగ్గర చెప్పుకోవడానికి వాళ్లకు ఏమీ లేదు.

కనుక పాఠకులారా, దాచిన చార్జీకి దండం పెట్టుకోండి. ఇంకా ఓపిక ఉంటే 1915కు ఫోను చేయండి, జిల్లా వినియోగదారుల కమిషనుకు పోండి. అయిదు లక్షల లోపు సంగతైతే రుసుము లేదు, వకీలు అక్కరలేదు. చట్టం చాలా మంచిది. ఈ ఏడాది మా బడిలో ఇదంతా మళ్లీ చెబుతాను, మైకులోనే చెబుతాను.

హోటళ్ల యజమానులకు మాత్రం నాది ఒక చిన్న విన్నపం. ఎంతైనా తీసుకోండి. నీళ్లు లేని కొలనుకు తీసుకోండి, లేని లోయకు తీసుకోండి. కానీ ఆ మొత్తం ముందే రాసి పెట్టండి. ఇష్టమైతే వస్తాం, లేకపోతే ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఇంకో చోటు చూసుకుంటాం. మాట్లాడవలసిన పని మాకు పెట్టకండి.

ఆలూరులో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, ఆ మాట నా నోటితో చెప్పవలసిన అవసరం ఏడాదిగా నాకు రాలేదు. బడిలో రాలేదు, వీధిలో రాలేదు, చివరికి సంవత్సరీకం నాడు కూడా రాలేదు. మొదటిసారి దాన్ని పైకి అన్నది అక్కడ, ఆ కౌంటరు ముందు నిలబడి, ఒక చార్జీ తీయించుకోవడానికి.